మూడో వరుస

ఇవాళ సున్నాకి ఇరవై రెండు మెట్లు దిగువన ఉన్నాం.
ఔలు ఊరి చివర ఈ అద్దాల షోరూంలో మాత్రం
మే నెలని అద్దెకి తెచ్చిపెట్టినట్టు వెచ్చగా ఉంది.
బూట్ల మంచు కరిగి మా వెనక ఐదు మడుగులు.
ఆరోది నా భుజం మీద నిద్రపోతోంది,
దానికింకా మడుగు లేదు.

యార్కో దగ్గర ఒక పట్టిక ఉంది.
మూడు వారాలుగా రాత్రిళ్ళు మేలుకుని దాన్ని సాకాడు.
డిక్కీ ఎన్ని లీటర్లు,
పడవ ట్రైలరుని లాగగలదా,
చలికి బ్యాటరీ ఎంత నీరసిస్తుంది,
దుప్పి అడ్డొస్తే ఎన్ని మీటర్లలో ఆగుతుంది.
అన్నిటికీ పదికిన్ని అని మార్కులు.
నాకూ వేశావా అన్నాను.
తలెత్తలేదు.

అమ్మే అతని పేరు తైస్తో. మాట పొదుపరి.
తలుపు తీసి, వేసి చూపించాడు, అంతే.
అబ్బ, ఆ చప్పుడు!
పెద్దమనిషెవరో మెత్తగా "ఇంక చాల్లే" అన్నట్టు.
మా పాత బండి తలుపు
రెండు తిట్లు తింటే గాని పడదు.

ఈ తోలు సీటు నా నడుముని గుర్తుపెట్టుకుంటుందట.
మొదటి మొగుడు తొమ్మిదేళ్ళలో నేర్వనిది
ఒక్క మీట నొక్కితే నేర్చేసింది.
పైకప్పంతా గాజు.
ఓత్సొ, ఆర్ని వెనక్కి వాలి
ట్యూబులైట్లని నక్షత్రాల్లా పంచుకుంటున్నారు,
ఇది నాది, అది నాది.
స్టీరింగు వేడెక్కుతుంది, సీటు వేడెక్కుతుంది,
అరవై నాలుగు వేల యూరోలు అనేసరికి
నా చెవులు కూడా.
పళ్ళ డాక్టరు దగ్గర నర్సుని నేను,
ఏ అంకెనైనా నోళ్ళలోకి మార్చుకుంటాను.
ఇంకా ఎన్ని వేలమందితో అనాలి,
"కొంచెం పెద్దగా తెరవండి" అని?

అప్పుడడిగాడు తైస్తో: ఐదు సీట్లా, ఏడా?
మూడో వరుసకి రెండు వేల రెండొందలు అదనం.
"చిన్నపిల్లలకైతే సరే. పొడుగు కాళ్ళకి కష్టం."
ఆ ఉదయానికల్లా అతని అతి పెద్ద ప్రసంగం అది.

పట్టికలోకి తొంగిచూశాను.
అన్ని గళ్ళూ నిండాయి, ఆ ఒక్కటీ తప్ప.

పాపతో సహా మేం ఐదుగురం.
వారం విడిచి వారం, ఆరుగురం.
యార్కో కూతురు కెర్తు వస్తుంది,
పదహారేళ్ళు, మనిషికన్నా ముందు మోకాళ్ళు వస్తాయి.
ఆ వారాల్లో ఎక్కడికెళ్ళినా రెండు బళ్ళు,
రెండు పెట్రోళ్ళు.

ఎవరూ అడక్కుండానే
మధ్య సీటు మడిచి వెనక్కి దూరింది కెర్తు.
మోకాళ్ళు గడ్డాన్ని తాకాయి.
దుప్పటి ఉన్నంతకే కాళ్ళు ముడుచుకోవాలని
ఈ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు;
నాన్న కొత్త ఇంట్లోకి వచ్చిన మొదటి రాత్రే
చూపుతో గదులు కొలుచుకుంది, నేను చూశాను.

"ఇక్కడ కప్పు పెట్టుకునే చోటుంది" అంది లోపల్నించి.
కాసేపాగి,
"రెండేళ్ళే కదా. తర్వాత నాకు లైసెన్సొస్తుంది."
యార్కో వంగి
టైర్ల గాడుల్లో ఏదో పోగొట్టుకున్నట్టు వెతికాడు.

కొనలేదు. ఆలోచించుకుంటాం అన్నాం.
తైస్తో తలూపాడు,
ఆ మాట రోజుకి పదిసార్లు వినే తలూపు.

బయట స్తంభాలకి తగిలించిన తీగలు పీకి
బళ్ళని చలిలోంచి లేపాం.
యార్కో, కెర్తు ముందు బండిలో.
పిల్లలతో నేను వెనక.
కెమి దారిలో మంచు పొడి లేస్తోంది,
ఎర్ర దీపాల మధ్య రెండు తలలు.
ఇంట్లో నాలుగు మాటలకి మించని మనిషి
స్టీరింగు వదిలి చెయ్యి తిప్పుతూ ఏదో చెబుతున్నాడు.
ఆ పిల్ల అటు తిరిగి కూర్చుంది.
మళ్ళీ చెయ్యి లేచింది. ఈసారి తనది.

ఈ గడి ఏ పట్టికలోనూ లేదు.

"దగ్గరగా పోనీ అమ్మా, కనబడట్లేదు" అన్నాడు ఓత్సొ.
కాలు కాస్త ఎత్తి
ఇంకో దీపస్తంభమంత దూరం వదిలాను.