నాలుగోది

జొన్నాడ వంతెన ఎక్కుతూ ఎక్కుతూ
లాగడం మానేసిందంట.
లోపల ఎనిమిది టన్నుల కర్పూర అరటి,
ఎల్లుండి పొద్దుటికి బరంపురంలో దిగాలి.
తెల్లపొగ కక్కుకుంటూ వెనక్కొచ్చి
రావులపాలెంలో నా రేకుల షెడ్డు ముందు ఆగేసరికి
రాత్రి పదకొండు.

డ్రైవరు గనిరాజు దిగుతూనే
"పంపు పోయిందండి" అన్నాడు.
అందరూ అంతే, జబ్బు పేరు వాళ్ళే పట్టుకొస్తారు.
ఇంజను ఆపొద్దన్నాను.

నా కుడిచెవి పోయి ఆరేళ్ళు.
ఈ రోడ్డే తినేసింది దాన్ని, హారన్ హారన్‌గా.
ఎడమది సగం.
అందుకని వేళ్ళతో వింటాను.
పంపు నుంచి ఇంజను తలకి ఆరు ఇనప గొట్టాలు.
ఒక్కోదాన్నీ రెండు వేళ్ళతో పట్టుకుంటే
లోపల డీజిలు తంతుంది,
చేప గాలం మింగినప్పుడు దారం తన్నినట్టు.
ఒకటి. రెండు. మూడు.
నాలుగోది తన్నలేదు, ముట్టుకుంది.

వేళ్ళు కూడా అబద్ధమాడతాయి.
పదిహేడో నంబరు స్పానర్‌తో
నట్లు ఒక్కొక్కటే సడలించాను.
ఒకటోది వదులైతే ఇంజను కుంటింది,
బిగిస్తే సర్దుకుంది.
రెండోదీ అంతే. మూడోదీ.
నాలుగోది వదిలాను,
ఏమీ కాలేదు.
పంక్తిలోంచి ఒకడు లేచెళ్ళిపోయినా
భోజనాలు సాగిపోతున్నట్టు.

ఇంజెక్టర్ ఊడి రావడానికి గంట పట్టింది.
మసిపట్టి, తడిగా, మొండిగా.
బల్లమీద టెస్టర్‌కి బిగించి
"చెయ్యి అడ్డం పెట్టకురా" అన్నాను క్లీనరు కుర్రాడితో.
నాకు పని నేర్పిన ఖాసిం సాయిబుకి
మధ్యవేలు సగమే ఉండేది.
కంటికానని తుంపర తోలు కింద దూరితే
వేలు నల్లబడ్డాకే తెలుస్తుంది.

హ్యాండిల్ నొక్కాను.
రెండు వందల దగ్గర తెరవాల్సిన నోరు
నూట ముప్పైకే తెరిచింది.
మంచులా పట్టాల్సిన డీజిలు
పడిశం పట్టిన పిల్లాడి ముక్కులా
కారింది, ఆగింది, మళ్ళీ కారింది.

సూది బయటికి తీస్తే
దాని ఒంటిమీద ఆవగింజంత తుప్పు.
డీజిలుకి తుప్పెక్కడిది?
ఫిల్టర్ గిన్నె విప్పి గాజుసీసాలో ఒంపాను.
పైన డీజిలు, కింద నీళ్ళు,
నీళ్ళ కింద వెన్నలాంటి ఒండ్రు.
మా లంకలది. చీకట్లో తాకినా గుర్తుపడతాను.

గనిరాజు సీసా వంక చూళ్ళేదు.
కుర్రాడే వెళ్ళి ట్యాంకు పక్కన నిలబడ్డాడు.
మూత ఉండాల్సిన చోట
పాత లుంగీ గుడ్డ, పైన పాలితిన్ కవరు,
సైకిల్ ట్యూబుతో కట్టు.
"ఊబలంకలో లోడెత్తుతుంటే వరదలో పోయిందండి.
ఓనరు జీతంలో కోస్తాడని..."
ఎన్నాళ్ళయిందని అడగలేదు.
ఎన్ని వానలు పడ్డాయో నాకూ తెలుసు.

కొత్త నాజిల్ వేశాను.
స్ప్రింగు కింద రెండు పల్చటి షిమ్‌లు, అప్పుడు రెండు వందలు.
ఆ సైజు రాగి వాషర్ లేదు. పాతదాన్నే
అప్పాయమ్మ టీ పొయ్యిలో ఎర్రగా కాల్చి
చెంబులో పడేశాను. చుయ్‌మంది.
సానబెట్టిన ఉలిని ఇలా చేస్తే గట్టిపడుతుంది,
రాగి మెత్తబడుతుంది.
అదే నిప్పు, అవే నీళ్ళు.

ట్యాంకు ఖాళీ చేసి, కడిగి,
రెండు క్యాన్ల డీజిలు పోసేసరికి మూడు దాటింది.
కుర్రాడు ప్రైమర్ కొడుతున్నాడు.
నురగ, నురగ, బుడగ,
ఇక బుడగ లేదు.
"కొట్టు" అన్నాను.
గనిరాజు తాళం తిప్పాడు.

నాలుగో గొట్టం మీద వేళ్ళు వేసి ఉంచాను.
తన్నింది.
ఇంకాసేపు ఉంచాను, ఊరికే.

షెడ్డు వెనక చచ్చిన లారీ ఒకటుంది,
దాని ట్యాంకు మూత తెచ్చి తిప్పితే
సగం చుట్టుకే పట్టేసింది.
బిల్లులో నాజిల్ రాశాను, కూలి రాశాను.
గనిరాజు కాగితం రెండుసార్లు చదువుకుని
ఒక అరటి హస్తం బల్లమీద పెట్టాడు.
పచ్చివి. నాలుగు రోజులకి గాని పనికిరావు.

లారీ వెళ్ళింది.
వంతెన ఎక్కిందో లేదో నాకు వినపడదు.
అప్పాయమ్మని అడిగాను.
"ఎక్కిందిలే" అంది,
గ్లాసులు కడుక్కుంటూ,
అటు చూడకుండానే.