గోడ వాంగ్మూలం

మార్చిలో అది పావు డాలరు బిళ్లంత.
ఒడెస్సా ప్రూయిట్ బ్లీచ్‌తో తుడిచి మరిచిపోయింది.
జూన్‌కి దుప్పటంత.

నీరు పల్లమెరుగు అంటారు.
బాల్టిమోర్‌లో ఈ మూడో అంతస్తు నీటికి
ఆమె మనవడి మంచం కూడా ఎరుకే.

ఇంటాయన ఫోన్లో ఎప్పుడూ ఒకటే మాట:
"కిటికీ తెరిచిపెట్టుకోండి."
తెరిచే ఉంది. మూసుకోదనే కదా
మొదటి ఫిర్యాదు.

రాత్రిళ్లు పిల్లాడి ఛాతీలో
ఎవరో తుప్పుతలుపు తీస్తూ మూస్తూ ఉంటారు.
ఇన్‌హేలర్ పీల్పులు వేళ్లమీద లెక్కపెట్టి
తెల్లారి అవే వేళ్లతో సిటీబస్సు తోలుతుందామె.

కింది వాటా నాది. నేనే అన్నాను:
అద్దె ఆపితే వీధిన పడతావు,
ఖాళీ చేస్తే ఇంకో బూజు,
నీ డబ్బుతో బాగుచేయిస్తే వాడికి పండగ.

ఆమె లైబ్రరీలో ఉచిత లాయరు ముందు
రెండు గంటలు వరసలో నిలబడింది.
తేదీ వేసి, రశీదొచ్చే ఉత్తరం రాసింది.
ప్రతి ఆదివారం చర్చికి ముందు
గోడకి స్కేలు ఆనించి ఫొటో తీసింది,
పిల్లాడి ఎత్తు కొలిచినట్టు.
పిల్లాడికంటే గోడే తొందరగా ఎదిగింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చి వేలితో నొక్కాడు.
పెచ్చొకటి ఊడి అతని బూటు మీద పడింది.
ఏమీ అనలేదు. చాలాసేపు రాసుకున్నాడు.

ఈ ఒకటో తారీఖున అద్దె కట్టింది,
సెంటు తగ్గకుండా,
కోర్టు గుమస్తా చేతికి.
గోడ ఆరేదాకా ఆ డబ్బు అక్కడే కూర్చుంటుందట.

సాయంత్రం ఇంటాయన
తనంతట తానే ఫోన్ చేశాడు.
"రాసి పంపండి," అందామె. "తేదీ వేసి."

నా వంటింటి కప్పుమీద
పావు డాలరంత మరక.
స్కేలు అడుగుదామని
మెట్లెక్కుతున్నాను.