ఇరవైనాలుగు గళ్ళు

జుర్జురా కొండ మీద మూడు ఊళ్ళు.
పై ఊరికి మొదటి అక్షరం,
దాని కింద ఊరికి రెండోది,
వాగు దాటితే మాది, అట్టడుగు అక్షరం.
గాడిద మీద బల్ల కట్టుకొచ్చిన ఫ్రెంచి గుమాస్తా
ఆ వేసవంతా అలా పంచుకుంటూ పోయాడట
ఇంటిపేర్లు.
మంగలి ముందు కూర్చున్నట్టు
మగాళ్ళంతా వరసగా కూర్చున్నారట.

అంతకుముందు మాకు పేర్లు లేకపోలేదు.
అమర్ కొడుకు అలీ, అలీ కొడుకు మొహంద్ అంటే
మేకలక్కూడా తెలిసేది.
పేరంటే ఒక కాలిబాట,
నడుస్తూ నడుస్తూ ముత్తాతల దాకా పోవచ్చు.
గుమాస్తాకి బాట అక్కర్లేదు, గుమ్మం కావాలి.
గుమ్మానికో అంకె కావాలి.
పన్నుకి, పట్టాకి, పటాలానికి
పిలిస్తే పలికే ఒక్క మాట కావాలి.

పేరు పెట్టడమంటే రెండర్థాలు.
అతను రెండు పనులూ చేశాడు.
మధ్యాహ్నానికి మా అక్షరంతో మాటలు అయిపోయాయి.
కుంటివాడికి కుంటి, నత్తివాడికి నత్తి.
మెజియాన్ ముత్తాత వంతు వచ్చేసరికి
ఎదురుగా పెంటకుప్ప కనబడింది.
ఆ మాట ఇక్కడ రాయను,
ఒకసారి రాసిందే ఇంకా ఆరలేదు.

మరో నలభై ఏళ్ళకి, తెల్ల గొడుగుతో ఒక పండితుడు.
మా నాయనమ్మ తసాదిత్‌కి అప్పుడు పన్నెండేళ్ళు.
సామెత చెబితే చక్కెర బిళ్ళ అన్నాడు.
సామెతలు అయిపోయాయి, చక్కెర అయిపోలేదు.
"గాడిద తుమ్మితే అల్లుడొస్తాడు" అంది నాయనమ్మ,
నోటికొచ్చింది.
అది పారిస్‌లో లావుపాటి పుస్తకంలో ఉంది,
కింద చిన్నక్షరాల్లో:
ఈ కొండజాతివాళ్ళు శకునాలకు బానిసలు, అని.
మొన్న మన విశ్వవిద్యాలయం కుర్రాడే
ఆ పుస్తకం పట్టుకొచ్చి అడిగాడు:
"మీరింకా ఇలా అంటారా?"
అంటాం అన్నాను.
నిజమే మరి, చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో
గాడిద తుమ్మినప్పుడల్లా అందరం తలుపు వైపు చూస్తాం.

నేను పురపాలక కార్యాలయంలో మూడో కిటికీ.
జననం, మరణం, నకలు, సవరణ.
కిందటి గురువారం మెజియాన్ వచ్చాడు,
నూనెగానుగలో నలభై ఏళ్ళు నలిగిన చేతులతో.
బళ్ళో హాజరు పిలిచినప్పుడు
మనవరాలి పక్కనున్న పిల్లలు ముక్కు మూసుకుంటున్నారట.
"మార్చెయ్యమ్మా" అన్నాడు.
చట్టం ఒప్పుకుంటుంది. ఫారం ఇచ్చాను.
కొత్త ఇంటిపేరు: ఇరవైనాలుగు గళ్ళు,
గడికి ఒక అక్షరం.
జెండా మారింది. కాగితం నెత్తిమీది బొమ్మ మారింది.
ఆ గుమాస్తా కొలిచిన గళ్ళు మాత్రం
మనం కూడా అలాగే గీసుకున్నాం,
గీత కూడా వంకర పోకుండా.

పెన్సిల్ తీసుకుని మొదలుపెట్టాడు:
మెజియాన్, సయీద్ కొడుకు, లార్బీ మనవడు...
గళ్ళు నిండిపోయాయి.
నాలుగో తండ్రి అంచులోకి ఎక్కాడు,
ఐదో తండ్రి సర్కారు ముద్ర మీద కూర్చున్నాడు,
ఆరో తండ్రికి కాగితం వెనక్కి తిప్పాడు.

గడి దాటిన దరఖాస్తు చెల్లదు.
ఆ బోర్డు నా తల వెనకే ఉంది, నేనే తగిలించాను.
క్యూలో ఎవరో దగ్గారు, ఎవరో గడియారం చూశారు.
నా చేతిలో స్టాంపు
సిరా ఆరిపోతూ.

"ఇంకో కాగితముందా?"
ఇచ్చాను.
ఎనిమిదో తండ్రి దగ్గర ఆగాడు,
పెన్సిల్ మొన నాలిక మీద తడుపుకున్నాడు,
పైకప్పు వైపు చూశాడు చాలాసేపు.
"ఈయన పేరు మా మేనత్తకి తెలుసు" అన్నాడు,
"చెవులు కాస్త మందం. ఆదివారం వెళ్ళి అడిగొస్తా.
అందాకా దీన్ని
ఎక్కడా కొట్టెయ్యకుండా పెట్టు."