తొమ్మిదో సెకను

అద్దానికి ఇవతల చీకటి గది.
అవతల ఉన్నవాళ్లకి వాళ్ల ముఖాలే కనిపిస్తాయి,
నాకు వాళ్లు కనిపిస్తారు.
చెవులకి హెడ్‌ఫోన్లు, ఒళ్లో మార్కుల పత్రం,
మీగడ కట్టిన టీ.
హాలిఫాక్స్ రేవులో పొద్దుట్నుంచీ మంచు.
నిమిషానికోసారి బూర మూలుగుతోంది.

మైరీ, రెండో ఏడాది విద్యార్థిని,
కొత్త చొక్కా మడతలు ఇంకా విడలేదు.
ఎదురుగా ఆల్బన్ సురెట్.
నలభై ఏళ్లు లాబ్‌స్టర్ బోనులు లాగిన కుడిచేయి
ఎవరో మర్చిపోయి వెళ్లిన గ్లవ్‌లా బల్లమీద పడి ఉంది.
మార్చిలో వచ్చిన పక్షవాతం
క్రియల్ని కొన్నిటిని వదిలి
నామవాచకాల్ని పట్టుకుపోయింది.
బూతులు మాత్రం ఒక్కటీ పోలేదు.

లంగరు బొమ్మ చూపించింది.
ఆయన చూశాడు, పెదవి కదిలింది.
ఒకటి, రెండు...
"లం..." అని అందించేసింది.
మూడో సెకను ఇంకా పుట్టనేలేదు.

"కంగారు" అన్నాడాయన.

మైరీ తలవంచి రాసుకుంది:
మొదటి అక్షరం తప్పు, మిగతావి దగ్గర, సూచన ఇచ్చాక.
పుస్తకంలో ఉన్నట్టే రాసింది, పుస్తకమూ తప్పు కాదు.
నేను మాత్రం పెన్ను ఆపి
ఆ గదిలో కంగారు ఎవరిదా అని చూశాను.

తర్వాత తెడ్డు. "తె..."
తర్వాత నిచ్చెన. "ని..."
ఇంకా నములుతున్నవాడి నోట్లో
మరో ముద్ద, మరో ముద్ద.
ఇరవై బొమ్మలకి పద్ధెనిమిది సరి.
ఆ పద్ధెనిమిదీ సగం సగం మైరీవే.

గంట తర్వాత నా గదికొచ్చింది.
"అంత తొందరగా ఎందుకు అందించావు?" అన్నాను.
తను కిటికీ వైపు చూసింది.
"నిశ్శబ్దం భరించలేకపోయావు కదా,
ఆయన చిన్నబోతాడనిపించింది కదా,
వచ్చేవారం మనసులో పది లెక్కపెట్టు" అన్నాను.
పది అని రాసుకుంది.
అండర్‌లైన్ చేసుకుంది.
థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

తలుపు మూసుకున్నాక తట్టింది:
అడిగిందీ నేనే, చెప్పిందీ నేనే.
పదిహేడేళ్లుగా ఎంతమంది పిల్లలు
ఈ కుర్చీలో నోరు సగం తెరిచి
నా జవాబులు రాసుకుపోయారో!
నాకు మార్కులు వేయడానికి
అద్దం వెనక ఎవరూ లేరు.

మళ్లీ మంగళవారం. మళ్లీ అదే బొమ్మ.
మైరీ రెండు చేతులూ తొడల కింద పెట్టుక్కూర్చుంది.
నాలుగు. ఐదు.
ఆయన ఓ బూతు మాట అన్నాడు, స్పష్టంగా.
ఏడు. మైరీ చెవులు ఎర్రబడ్డాయి.
ఎనిమిది. ఆయన ఎడంచేయి లేచి
గాల్లో తాడు వదులుతోంది,
లోతు తగిలేదాకా, మెల్లగా, మెల్లగా.

తొమ్మిది.
"జోసెట్" అన్నాడు.

ఇరవై బొమ్మల్లో జోసెట్ లేదు.
మార్కుల పత్రంలో దానికి గడి లేదు.
మైరీ పెన్ను కిందపెట్టి "ఊఁ" అంది.
ఆయన ఏడ్చాడో నవ్వాడో
అద్దంలోంచి తెలియలేదు.
వెయిటింగ్ రూమ్‌లో వాళ్లావిడ చెప్పింది:
పడవ పేరట. ఏప్రిల్‌లో అమ్మేశారట.
లంగరుతో సహా.

సాయంత్రం మైరీ అదే కుర్చీలో.
"ఇవాళ ఎలా జరిగింది?" అని అడిగి
నోటికి పని ఉండాలని టీ కప్పు అందుకున్నాను.
ఆరు. ఏడు. నాకు తెలిసిన జవాబులన్నీ
నాలుక చివర క్యూ కట్టాయి.
పదకొండు.
"మా తమ్ముడు రోరీకి నత్తి" అంది.
"ఇంట్లో వాడి మాటలన్నీ నేనే పూర్తి చేసేదాన్ని.
మంచి అక్క అనేవాళ్లు అందరూ.
వాడు ఇప్పుడు ఫోన్ ఎత్తడు, మెసేజ్ పెడతాడు."

దీనికి ఏం చెప్పాలో నాకు తెలుసు.
కనీసం మూడు మాటలు తెలుసు.
రేవులో బూర మోగి ఆగింది.
మళ్లీ మోగేదాకా
ఇద్దరం అలాగే కూర్చున్నాం.