తొవ్వ అనే గడి

నీ పటంల మా తండా గుండ్రం లోపల్నే ఉన్నది.
చూసిన బిడ్డా, ఎర్రగీతకు గింతంత ఇవుతల,
బియ్యంగింజంత చుక్క.
నాలుగు పాయింట్ ఆరు కిలోమీటర్లని
కింద రాసింది గూడ చూసిన.
చందంపేట దిక్కు ఈ గుట్టలల్ల
పదహారేండ్ల సంది ఆశా పని చేస్తున్న నాకు
ఇన్ని దినాలు తెల్వకపాయె
దవాఖాన ఇంత పక్కన ఉన్నదని.

ఆ గీత మీద పాలపిట్ట పోతది.
పొద్దుగాల పోయి, ఎండ ముదరకముందే కల్లం మీదికి తిరిగొస్తది.
దానికి బీపీ గోలీలు వద్దు,
ఓపీ చీటీ పన్నెండింటికి బందయితదన్న ఫికరు లేదు.
మేము పోయేది గుట్ట చుట్టు తిరిగి,
వాగు దాటి, పత్తిచేన్ల గట్లెంబడి,
కంకర రోడ్డు మీద ఆటో నిండేదాక కూసొని.
ఎనిమిది మంది ఎక్కితెనే కదుల్తది బక్కయ్య ఆటో.
ఏడుగురమే ఉన్ననాడు
ఎనిమిదో మనిషికి జరం రావాలని చూస్తం.

మొన్న వానకాలం జమ్కుకు నొప్పులు మొదలైనయి.
గుట్టెక్కి నూటెనిమిదికి ఫోన్ కొట్టిన.
బండి వచ్చింది. రాలేదని అబద్ధం చెప్ప.
వాగు అవుతల ఆగింది,
నీళ్ల మీద ఎర్రగ, నీలంగ దాని దీపాలు తిరుగుతున్నయి.

ఆ తొవ్వ నేను నొప్పులతోని కొలిచిన.
తండా నుంచి చింతచెట్టు దాక రెండు.
చెట్టు నుంచి దిగుడుబండ దాక మూడు.
బండ దాటినంక లెక్క తప్పింది,
నులకమంచం ముంగటి కోడు నా భుజం మీదుండె.
"ఆగు, ఆగు" అంటున్నడు హర్యా,
పిల్లకు చెప్తున్నడో, నీళ్లకు చెప్తున్నడో.

ఇసుకల పుట్టింది.
అవుతల ఒడ్డు నుంచి డ్రైవర్ బ్యాటరీ లైటు కొట్టి
"ఆడనా, మగనా" అని అడిగిండు.
ఆడపిల్ల అని ఒర్రిన.
వాగు మోతల ఇన్నడో లేదో.

పుస్తకంల రెండే గడులు.
పుట్టిన చోటు: ఇల్లా, దవాఖాననా.
తొవ్వ అనే గడి లేదు.
పెన్ను పట్టుకొని చానాసేపు కూసున్న,
ఇల్లు మీద టిక్కు కొట్టిన.
ఇంట్ల కాన్పు ఎందుకైందో సంజాయిషీ ఇయ్యమని మెమో.
ఆ కాయితం మాత్రం
గుట్ట చుట్టు తిరిగి, వాగు దాటి
మూడోనాటికే తండాకు అందింది.

నీతోని నాకు తగాదా లేదు, చిన్నోనివి,
మీ సారు గీయమన్నది గీసినవ్.
గుండ్రం మంచిగ కుదిరింది, యాడ వంకర లేదు.
రోడ్డు పక్క ఊరికైతే రెండు గుండ్రాలు పడ్డయి,
పాత సర్పంచ్ జాగ ఇచ్చిన కాడ ఇంకోటి కట్టిండ్రు గద,
దాని తాళంచెవి బర్లు కాసే ఎంకులు మొలతాడుకుంటది.

చాయ్ తాగు. తాగి నాతోని రా,
ఈ చుక్క కాడికెల్లి ఆ దవాఖాన కాడికి నడుసుకుంట పోదం.
నీ మిషిని సంచి నెత్తిమీద పెట్టుకో,
చెప్పులు చేతుల వట్టుకో.
వాగుల ఎడమదిక్కు రాయి కదుల్తది,
దాని మీద కాలు వెయ్యకు.