నాలుగు రబ్బరు గిన్నెలు

ఆగస్టులో ఇక్కడ చన్నీళ్ల కుళాయి తిప్పితే
కాగిన నీళ్లొస్తాయి.
అందుకే గీజరు ఆర్పేసి పెడతాం.
రాత్రంతా దాని కడుపులో నీడపట్టున దాగిన నీళ్లే
పొద్దున మాకు చన్నీళ్లు.
జహ్రాకు వచ్చిన కొత్తలో
ఈ తలకిందుల లెక్క ఒంటబట్టడానికి
రెండు ఎండాకాలాలు పట్టింది, భుజం మీద ఒక బొబ్బ.

పెద్ద మామా పేరు మూదీ.
నా పేరు ఓబుళమ్మ. ఆమె నోట్లో అది అబ్లా అయింది.
అబ్లా అంటే పంతులమ్మంట.
రైల్వేకోడూరులో మూడో తరగతి గడప దాటని దాన్ని,
నవ్వి ఊరుకున్నాను.
"తాలీ, అబ్లా" అని పిలుస్తుంది.
తాలీ అంటే రమ్మని.
మొదట్లో ఆ మాట వినపడినప్పుడల్లా
నా చెయ్యి మెడ తడుముకునేది.

తుంటి విరిగి ఆమె మంచాన పడ్డాక
నెల రోజులు తడిగుడ్డే స్నానం.
తుడిచినంతసేపూ ఆమె ఒక గోడను చూసేది,
నేను ఇంకో గోడను.

తర్వాత కొడుకు ఒక పెట్టె తెప్పించాడు.
మడత కుర్చీ. సీటు మధ్యలో అరచందమామ కోత.
కాళ్లకు నాలుగు రబ్బరు గిన్నెలు,
బల్లి గోడను పట్టినట్టు నేలను పట్టేవి.
పొడుగు గొట్టంతో చేతి షవరు.
మంచం మీదే తలంటడానికి గాలి తొట్టి ఒకటి.
దాన్ని ఊది ఊది నాకు కళ్లు తిరిగితే
మామా అడిగింది:
"పడవెందుకు? యాడికి పంపుతారు నన్ను?"

కుర్చీ మీద నూట ముప్పై కిలోలని రాసుంది.
ఆమె నలభై ఐదు కూడా లేదు.
అయినా కూర్చోబెట్టేటప్పుడు
నా మెడ చుట్టూ ఆ చేతులది
బావిలో పడ్డవాళ్ల పట్టు.

నీళ్లు ముందు పాదాలకు.
ఇది పెట్టెలో వచ్చిన కాగితం చెప్పలేదు.
బాలింతలకు నీళ్లు పోసే మా పెద్దమ్మ చెప్పింది:
భయం కాళ్లలోంచే దిగాల.
పైన దుప్పటి కప్పే ఉంచి
దాని కింద నుంచి గొట్టం పోనిస్తాను.
చేతికి తెలిసింది
కంటికి చెప్పను.

తలకు షాంపూ వద్దంది. సిదర్ తెమ్మంది.
పచ్చటి పొడి, కలిపితే నురగ.
వాసన తగిలి ఉలిక్కిపడ్డాను.
రేగాకు గదా ఇది!
మా గట్ల మీద మేకలు మేసే రేగాకు
ఇక్కడ డబ్బాలో, దీనారు పెట్టి.
"పోయినోళ్లను కడిగేదీ దీంతోనే"
సిలోను వంటామె నా చెవిలో గొణిగింది.
మామావి పాము చెవులు.
"అది ఇంకోనాడు. ఈరోజు ఉత్త తలంటే.
గట్టిగా రుద్దు."

కళ్లలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెడితే
అప్పుడు మాట్లాడుతుంది.
చిన్నప్పుడు మంచినీళ్లు పడవల్లో వచ్చేవంట,
రేవు నుంచి గాడిద మీద, డబ్బా లెక్కన.
మొహం కడిగిన నీళ్లతో కాళ్లు,
కాళ్లు కడిగిన నీళ్లతో గడప.
సగమే అర్థమయ్యేది నాకు.
ట్యాంకరు వెనక బిందెతో పరిగెత్తినదానికి
సగం చాలు.

నిన్న నా మోకాలు వాచింది.
ఆమెను లేపుతూ "అమ్మా" అన్నాను, నాకు తెలియకుండానే.
పొడి గౌను తొడిగి, తలకు తువ్వాలు చుట్టి
చక్రాల కుర్చీలో గుమ్మం దాకా తెచ్చాక
ఆమె వెనక్కి తిరిగి
తడి కుర్చీ వైపు గడ్డం చూపింది.
"తాలీ."
మళ్లీ కూర్చుంటుందేమో అనుకున్నాను.
కాదు, నన్ను.

మెట్ల కింద, గడియ లేని తలుపు వెనక
పదకొండేళ్లుగా నిలబడే పోసుకున్నాను నీళ్లు,
ఒక చెయ్యి గోడకు, ఒక కాలు తలుపుకు.

బట్టలతోనే కూర్చున్నాను.
రబ్బరు గిన్నెలు నేలను కరుచుకున్నాయి.
గుమ్మంలోంచి, వణికే చేత్తో, ఆమె షవరు పట్టింది.
గురి లేదు. నీళ్లు అద్దానికి, గోడకు,
తన పొడి గౌనుకు,
ఆఖరికి
నా పాదాలకు.