వాలుగ పన్ను

రాట్నం ముందు కూర్చునే ముందు
మా మామ్మ సూరీడమ్మ
వాలుగ చేప దవడని కళ్ళకద్దుకునేది.
దీపం లేదు, మంత్రం లేదు.
"దీన్నోరు మూసుకుంటే
మన్నోటికి కూడు లేదే గుంటా" అనేది.

ఆ సన్నటి పళ్ళ మీద కొండపత్తి
నలక వదిలి, పొడుం వదిలి
పాల మీగడలా పైకి లేచేది.
చీకటుండగానే మా పొందూరు వీధిలో ఆ చప్పుడు
ఎలక బియ్యం కొరికినట్టు.
నా నిద్రంతా దాని మీదే పెరిగింది.

పదోరోజు కామశాస్త్రులుగారొచ్చారు.
నూరో నంబరు పంచె. తడిపి ఆరేసిన మడి.
"ఎడంగా, ఎడంగా."
వీధిలో చేపల బుట్ట పోతుంటే
ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నారు.
అమ్మ నా వైపు చూసింది,
నేను పంచె వైపు.
దాని పోగు పోగూ ఏ నోట్లోంచి వచ్చిందో
మాకు తెలీదా?
వచ్చిన నవ్వుని
ఇద్దరం ఏడుపులో దాచేశాం.

పిండం పెట్టాక కాకి రాలేదు.
ఎండెక్కింది. విస్తరి అంచులు ముడుచుకుపోతున్నాయి.
మేనత్త చేతులు జోడించి
చిన్నోడి పెళ్లి చేస్తామంది, గోడ కట్టిస్తామంది,
ఆవుదూడని అమ్మమంది.
ఊహూఁ.

అప్పుడు శాస్త్రులుగారే, తల ఎత్తకుండా,
పంచె కుచ్చిళ్ళు సవరించుకుంటూ
"ఆవిడ వాలుగ పన్ను
ఎవరు తీసుకుంటున్నారమ్మా?" అన్నారు.

అమ్మ చెయ్యి చాచింది.

తర్వాత కాకి ముట్టిందో లేదో
నాకు గుర్తు లేదు.
మైల తీరిన మర్నాడు, ఇంకా తెల్లారకుండానే,
మా ఇంట్లో ఎలక
మళ్ళీ బియ్యం కొరికింది.